మామగారు ఏనుగు వెంట్రుక ఉంగరం తెమ్మంటున్నారు (మొంబాసా నుంచి)

విభాగం: ప్రవాసం > ఆఫ్రికా

కోనసీమ కుర్రోడు (మొంబాసా) | 9 ఆగస్టు 2025, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాయడం తక్కువ. కెన్యా రేవు మొంబాసాలో ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో అకౌంట్లు చూస్తుంటాను, వచ్చి మూడేళ్లయింది. వచ్చే నెల మరదలి నిశ్చితార్థానికి అమలాపురం వెళ్తున్నాం.

మామగారు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట. "ఆఫ్రికాలో ఉండి ఏనుగు తోక వెంట్రుక ఉంగరం తేలేవా అల్లుడూ?" అది వేలికుంటే దిష్టి తగలదట, పీడకలలు రావట. అత్తగారేమో దంతపు గాజుల జత దొరికితే చూడమన్నారు.

మొన్న బజారులో ఒకతను నేను అడక్కుండానే రెండూ చూపించాడు. "హకూనా షీదా" (ఏం ఫర్వాలేదు) అని భుజం తట్టాడు కూడా. గాజుల సంగతి సరే, భయమేస్తోంది. కానీ వెంట్రుకే కదా, దాని కోసం ఏనుగును చంపరు కదా అనిపిస్తోంది. ఎవరైనా తీసుకెళ్లారా? ఎయిర్‌పోర్టులో ఇబ్బంది పెడతారా?

బెజవాడ బాబాయ్ (విజయవాడ) | 9 ఆగస్టు, రాత్రి 10:15

నా ఉంగరపు వేలికి 1984 నుంచి ఉందోయ్. తిరునాళ్లలో ఒక మావటి దగ్గర కొన్నాను, చుట్టూ బంగారం కట్టించాను. ఇప్పటిదాకా ఒక్క పీడకల రాలేదు, మా ఆవిడతో గొడవపడ్డ రోజులు తప్ప. చొక్కా జేబులో వేసుకుని వచ్చెయ్. వెంట్రుకను ఏ మిషన్ పడుతుంది?

దివ్య (దారెస్సలాం) | 9 ఆగస్టు, రాత్రి 11:03

బాబాయిగారూ, మీ మాట వింటే ఈ అబ్బాయి నిశ్చితార్థానికి కాదు, షిమో లా తేవా జైలుకు వెళ్తాడు.

తమ్ముడూ, దయచేసి ఆ బజారు వైపు మళ్లీ వెళ్లకు. కెన్యాలో 2013లో వచ్చిన వన్యప్రాణి చట్టం చాలా కఠినం. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జంతువుల విషయంలో పెద్ద నేరాలకు 2 కోట్ల షిల్లింగుల జరిమానా లేదా యావజ్జీవం దాకా రాశారు. దంతమే కానక్కర్లేదు. జంతువు ఒంటి మీది ఏ భాగమైనా, తోక వెంట్రుకైనా, అనుమతి కాగితం లేకుండా నీ దగ్గరుంటే నేరమే. ఇండియాలో దిగాక ఇంకో కేసు. 1991 సవరణ తర్వాత ఆఫ్రికా దంతం వ్యాపారం కూడా మన దగ్గర నిషేధం.

"చిన్న వస్తువే కదా" అనుకునేవాళ్ల కోసం ఒక సంగతి. ఈ ఏడాది మేలో నైరోబీ ఎయిర్‌పోర్టు కోర్టు ఇద్దరు బెల్జియం కుర్రాళ్లకు శిక్ష వేసింది. ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. దేనికో తెలుసా? చీమలకు! గాజు గొట్టాల్లో దూది పెట్టి, దాదాపు 5,000 చీమలు. యూరప్‌లో, ఆసియాలో చీమల్ని పెంచుకునే సరదా ఉన్నవాళ్లు రాణిచీమకు మంచి ధర ఇస్తారట. 10 లక్షల షిల్లింగుల జరిమానా, కట్టకపోతే ఏడాది జైలు. వాళ్లతో పాటు ఒక వియత్నాం అతనికి, ఒక కెన్యా అతనికి కూడా అదే. చీమకే ఇంత ఉంటే ఏనుగు వెంట్రుకకు ఎంతో లెక్క వేసుకో.

గడ్డిపరక (వరంగల్) | 10 ఆగస్టు, ఉదయం 7:20

చీమలకు జైలా! మా ఇంట్లో చక్కెర డబ్బా తెరిస్తే నాకు యావజ్జీవం పడాలె.

నాకు మొదటి నుంచి అర్థం కాని విషయం ఒకటుంది. ముసలై చచ్చిన ఏనుగుల దంతాలు ఆ దేశాల గోదాముల్లో టన్నుల కొద్దీ పడి ఉన్నయి. వాటిని అమ్మి ఆ డబ్బు బడులకో, అడవి గార్డుల జీతాలకో పెట్టుకోవచ్చు కదా? కెన్యా వాళ్లేమో కుప్ప పోసి కాల్చేస్తరు. అన్నం లేని ఇంట్ల బియ్యం కాల్చినట్టు లేదా? కొనేటోడికి చట్టబద్ధంగా దొరికితే దొంగ దగ్గరికి ఎందుకు పోతడు?

లెక్కలోడు (హైదరాబాద్) | 10 ఆగస్టు, ఉదయం 9:05

గడ్డిపరక గారూ, మీరడిగింది తెలివితక్కువ ప్రశ్న కాదు. దాన్ని రెండుసార్లు చేసి చూశారు కూడా.

1979లో ఆఫ్రికాలో సుమారు 13 లక్షల ఏనుగులు ఉంటాయని అంచనా. పదేళ్లలో అది 6 లక్షల చుట్టుపక్కలకు పడిపోయింది. 1989లో సైటీస్ (ప్రమాదంలో ఉన్న జీవుల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న) ఒప్పందం కింద ఆఫ్రికా ఏనుగును మొదటి జాబితాలో చేర్చారు, అంటే దేశాల మధ్య దంతం వ్యాపారం బంద్. అదే ఏడాది జులైలో కెన్యా అధ్యక్షుడు మోయి 12 టన్నుల దంతానికి నిప్పు పెట్టారు. ధరలు పడ్డాయి, వేట తగ్గింది.

తర్వాత దక్షిణాది దేశాలు "మా ఏనుగులు పెరుగుతున్నాయి, మా గోదాము సరుకు మమ్మల్ని అమ్ముకోనివ్వండి" అన్నాయి. సరే అని 1999లో జపాన్‌కు ఒకసారి అమ్మనిచ్చారు. 2008లో బోట్స్‌వానా, నమీబియా, దక్షిణాఫ్రికా, జింబాబ్వే కలిసి చైనాకు, జపాన్‌కు సుమారు 102 టన్నులు అమ్మాయి. ఆ వెంటనే వేట మళ్లీ పెరిగి 2011 నాటికి శిఖరానికి చేరింది. అమ్మకం వల్లే పెరిగిందని కొందరు, చైనాలో చేతిలో డబ్బు పెరగడం వల్ల అని కొందరు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఒకటి మాత్రం కళ్లకు కనబడింది. చైనా దుకాణంలో లైసెన్సు కాగితం పక్కన ఉన్న దంతం గోదాముదో, నిన్న రాత్రి చంపిన ఏనుగుదో కొనేవాడికి తేడా తెలియదు. ఆ కాగితమే దొంగ సరుక్కి గొడుగైంది.

చివరికి 2017 డిసెంబరు 31తో చైనాయే తన లోపలి దంతం వ్యాపారాన్ని మూసేసింది. మూసేస్తారన్న కబురుకే ధర పడింది. 2014 మొదట్లో అక్కడ కిలో ముడి దంతం టోకున 2,100 డాలర్లు, 2017 మొదట్లో 730.

గడ్డిపరక | 10 ఆగస్టు, ఉదయం 9:48

చైనా సంగతి సరే. కానీ నమీబియా వాళ్ల బాధ కూడా జూడండి. ఏనుగుల్ని కాపాడినందుకు శిక్ష వాళ్లకే పడుతున్నది. సరిగ్గ చూసుకోనోళ్లూ, చూసుకున్నోళ్లూ ఒకే గాటన. ఈ నవంబర్ల సమర్‌ఖండ్‌ల సైటీస్ సమావేశం ఉంది, అక్కడ మళ్లీ ఇదే లొల్లి అయితది చూడుండ్రి.

లెక్కలోడు | 10 ఆగస్టు, ఉదయం 9:55

అవుతుంది. ఆ బాధలో న్యాయం లేదని నేననలేదు.

కుప్పం పిల్లోడు (పలమనేరు దగ్గర) | 10 ఆగస్టు, మధ్యాహ్నం 1:30

మీరంతా ఏనుగు అంటే దంతం, వెంట్రుక అంటున్నారు. మాకు ఏనుగంటే రాత్రి రెండు గంటలకు టపాకాయలు పట్టుకుని పరుగెత్తడం. కౌండిన్య అడవి నుంచి గుంపు దిగిందంటే చెరకు, అరటి, వరి ఏదీ మిగలదు. తొక్కి చంపిన మనుషులూ ఉన్నారు. ఈ ఏడాది మేలో కర్ణాటక నాలుగు కుంకీ ఏనుగుల్ని (అడవి గుంపుల్ని తరమడానికి శిక్షణ పొందినవి) ఇచ్చింది, చూడాలి.

అందుకే అడుగుతున్నా. ఆఫ్రికాలో పల్లెటూరి వాడికి ఏనుగు వల్ల ఏం లాభం? పంట పోయినవాడి దగ్గరికి ఒకడొచ్చి "గుంపు ఎటు పోయిందో చెప్పు చాలు, ఇంత డబ్బిస్తా" అంటే ఎందుకు చెప్పడు? మా నాన్నను అడిగితే ఆయనే చెప్పేస్తాడేమో, కోపంలో.

దివ్య | 10 ఆగస్టు, మధ్యాహ్నం 3:12

ఈ చర్చలో అసలైన ప్రశ్న ఇదే బాబూ. వేటగాళ్లకు దారి చూపేది ఎప్పుడూ ఊరివాడే. పట్టించేదీ ఊరివాడే. వాడు ఎటువైపు నిలబడతాడన్నదే సగం కథ.

నమీబియా 1996లో చట్టం మార్చి, ఊళ్లు తమ నేల మీది వన్యప్రాణుల్ని తామే నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. కన్సర్వెన్సీలు అంటారు. టూరిస్టు లాడ్జి నుంచి వచ్చే డబ్బులో వాటా ఊరిది, కాపలా కాసే కుర్రాళ్లు ఆ ఊరివాళ్లే. అంతకుముందే 1980ల్లో కరువు, వేట కలిసి ఊడ్చేసిన ప్రాంతంలో పెద్దమనుషులు తమ మనుషుల్నే కాపలా పెట్టుకున్నారు, ఆ అలవాటు మీదే ఇది నిలబడింది. అన్నిచోట్లా అమృతం కాదు. వాటాల గొడవలున్నాయి, కోవిడ్‌లో టూరిస్టులు రాక చేతులెత్తేసినవీ ఉన్నాయి.

కెన్యాలో త్సావో పార్కు దగ్గర సగల్లా అనే చోట ఇంకో పని చేశారు. ఏనుగుకు తేనెటీగలంటే భయం. తొండం లోపల, కంటి చుట్టూ కుడతాయి. లూసీ కింగ్ అనే పరిశోధకురాలు పొలం చుట్టూ తీగకు తేనెపెట్టెలు వేలాడదీయించింది. ఏనుగు తీగను తగిలితే అన్ని పెట్టెలూ ఊగుతాయి, ఈగలు లేస్తాయి. పంట చాలావరకు దక్కుతుంది, తేనె అదనం. కరువు ఏడాదిలో ఈగలే ఉండవు, అది వేరే కష్టం. మీ నాన్నగారికి చెప్పి చూడు.

కుప్పం పిల్లోడు | 10 ఆగస్టు, మధ్యాహ్నం 3:40

తేనె సంగతి బాగుంది అక్కా. మా నాన్న ముందు "ఎలుగుబంటి వస్తే?" అంటాడు. అదీ ఉంది మా దగ్గర.

శేషాచలం (తిరుపతి, రిటైర్డ్) | 10 ఆగస్టు, సాయంత్రం 6:25

ఫారెస్టు డిపార్ట్‌మెంటులో 31 ఏళ్లు చేశాను. ఆఫ్రికా చూడలేదు. కానీ మీరు రాస్తున్నది చదువుతుంటే ఎర్రచందనం ఫైలు చదువుతున్నట్టే ఉంది.

మా దగ్గర కొండెక్కేది జవ్వాదుమలై నుంచి వచ్చిన కూలీ. భుజాన గొడ్డలి, సంచిలో బియ్యం, చింతపండు. వాడి పైన మేస్త్రీ. మేస్త్రీ పైన దుంగల్ని డంపు చేయించేవాడు, లారీ ముందు పైలట్ కారు నడిపేవాడు. ఆ పైన చెన్నై రేవులో కాగితాలు రాసేవాడు. అందరి పైన, దుంగ ముఖం కూడా చూడకుండా విదేశంలో డబ్బు లెక్కపెట్టుకునేవాడు. మేము పట్టుకున్నదల్లా మొదటివాణ్ణి. సర్వీసంతా ఎన్నిసార్లు పట్టుకున్నామో! పై మెట్టు మనిషిని బోనులో నిలబెట్టింది నా చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

2015 ఏప్రిల్ 7న శేషాచలంలో 20 మంది కూలీలు కాల్పుల్లో చనిపోయారు. దాని తప్పొప్పుల జోలికి నేను వెళ్లను. ఒకటే చెబుతాను: ఆ 20 మందిలో సరుకు కొనేవాడు ఒక్కడూ లేడు.

ఆఫ్రికాలో కూడా "కనిపిస్తే కాల్చు" అన్నారని విన్నాను. నిజమేనా?

లెక్కలోడు | 10 ఆగస్టు, రాత్రి 8:10

నిజమే అండీ. 1989లో కెన్యా వన్యప్రాణి శాఖకు రిచర్డ్ లీకీ వచ్చినప్పుడు గార్డులకు మంచి తుపాకులిచ్చి, సాయుధ వేటగాళ్లను కాల్చడానికి అనుమతిచ్చారు. వేట తగ్గిన మాట నిజం. కానీ తుపాకీకి వేటగాడెవడో, చేపలు పట్టేవాడెవడో ఎలా తెలుస్తుంది? 2020 నవంబరులో చోబే నది మీద బోట్స్‌వానా సైన్యం నలుగురిని కాల్చి చంపింది, ముగ్గురు నమీబియాకు చెందిన సొంత అన్నదమ్ములు, నాలుగోవాడు వాళ్ల బంధువు. వేటగాళ్లని సైన్యం అంది. చేపలకు వెళ్లారని ఇంట్లోవాళ్లు అన్నారు. రెండు దేశాల మధ్య పెద్ద గొడవైంది.

ఇంకో వైపూ ఉంది. కాంగోలోని విరుంగా పార్కులో ఇప్పటిదాకా 200 మందికి పైగా రేంజర్లు చనిపోయారు. 2020 ఏప్రిల్‌లో ఒక్క దాడిలోనే 12 మంది. అక్కడ గార్డు ఎదురుపడేది గొడ్డలి పట్టిన కూలీకి కాదు, మిలీషియాకు. కాబట్టి ఖాళీ చేతులతో వెళ్లమనీ అనలేం.

దివ్య | 10 ఆగస్టు, రాత్రి 9:30

శేషాచలం గారూ, పై మెట్టు మనిషి దొరికిన కథ ఒకటి మా ఊళ్లోనే జరిగింది.

నేను ఇక్కడికి వచ్చింది 2011లో. ఆ రోజుల్లో టాంజానియాలో ఏనుగులు ఎలా పోతున్నాయో ఎవరికీ పట్టేది కాదు. 2009లో లక్షా 9 వేలు, 2014లో లెక్కపెడితే 43 వేలు. ఐదేళ్లలో! దక్షిణాన సెలూస్ అడవి దాదాపు వల్లకాడైంది.

యాంగ్ ఫెంగ్లాన్ అని చైనా ఆవిడ. 1970ల్లో టాంజానియా నుంచి జాంబియాకు టాజారా రైలు మార్గం కట్టేటప్పుడు స్వాహిలీ దుబాసీగా వచ్చింది. తర్వాత దారెస్సలాంలో రెస్టారెంటు పెట్టింది. వ్యాపారుల సంఘంలో పెద్ద. అందరికీ తెలిసిన, అందరూ గౌరవించే ముసలావిడ. 2015లో ప్రత్యేక దర్యాప్తు బృందం పట్టుకున్నప్పుడు ఊరు నోరెళ్లబెట్టింది. 2000 నుంచి 2014 మధ్య 860 దంతాలు దాటించిందని కేసు. 2019 ఫిబ్రవరిలో 15 ఏళ్ల శిక్ష పడింది. ఆవిడ కంటే ముందు "షేతాని" అని పేరుపడ్డ ఇంకొకడికి 12 ఏళ్లు పడ్డాయి. స్వాహిలీలో సైతాను అని అర్థం.

ఇవన్నీ అడవిలో కాపు కాస్తే దొరకలేదు. ఫోన్ నంబర్లు, డబ్బు బదిలీలు, ఊళ్లలో నమ్మకస్తుల సమాచారం, వీటితో దొరికాయి. ఆ బృందానికి అండగా నిలిచిన వేన్ లాటర్ అనే దక్షిణాఫ్రికా ఆయన్ని 2017 ఆగస్టు 16న ఎయిర్‌పోర్టు నుంచి హోటల్‌కు వెళ్తుంటే కాల్చి చంపారు. మసాకీలో, నేను రోజూ వెళ్లే వైపే. నెల రోజులు చీకటి పడితే బయటికి వెళ్లలేదు నేను.

కోనసీమ కుర్రోడు | 11 ఆగస్టు, ఉదయం 8:50

నేనేదో ఉంగరం గురించి అడిగాను. రాత్రంతా ఇదే చదువుతూ కూర్చున్నాను. ముందుగా: ఉంగరం తేవట్లేదు. మామగారికి ఎలా చెప్పాలన్నదే మిగిలింది.

శేషాచలం గారు రేవు కాగితాల గురించి అంటే మా ఆఫీసు గుర్తొచ్చింది. మా కన్‌సైన్‌మెంట్లలో ఏ తేడా లేదు, తప్పుగా అనుకోకండి. కానీ ఒక కంటైనర్ ఓడెక్కాలంటే నేను చూసేది ఏముంది? పంపేవాడి పేరు, అందుకునేవాడి పేరు, సరుకు పేరు, బరువు, సీలు నంబరు. లోపల ఏముందో నేను చూడను, పక్క సీటువాడూ చూడడు, ఓడ కంపెనీ అసలే చూడదు. రోజుకు అన్ని పెట్టెలు వెళ్తుంటే అన్నీ తెరవడం ఎవరి వల్లా కాదు. కాగితం మీద "టీ" అని ఉంటే అది టీయే.

మా సీనియర్ ఒకాయన చెప్పాడు. 2015లో ఇక్కడి నుంచి వెళ్లిన టీ కంటైనర్లలో థాయ్‌లాండ్‌లో సుమారు 3 టన్నుల దంతం, మరుసటి నెల సింగపూర్‌లో 3.7 టన్నులు దొరికాయట. టీ ఆకు బస్తాల వెనక. అప్పటి నుంచి టీ లోడు అంటే ఆయన రెండుసార్లు బరువు చూస్తాడు.

సుధ (సియాటిల్) | 11 ఆగస్టు, ఉదయం 10:20

ఇక్కడ నాకు తెలిసిన ముక్క ఒకటి కలుపుతాను. నేను జీవశాస్త్రం చదువుకున్నదాన్ని, మా ఊరి యూనివర్సిటీలోనే శామ్యూల్ వాసర్ అనే ఆయన దంతం డీఎన్ఏ మీద పనిచేస్తారు.

ఆయన మొదలుపెట్టింది పేడతో! ఆఫ్రికా అంతటా ఏనుగు పేడ సేకరించి, ఏ ప్రాంతం ఏనుగు డీఎన్ఏ ఎలా ఉంటుందో పటం గీశారు. తర్వాత పట్టుబడ్డ దంతం ముక్క తీసుకుని పటంతో పోలిస్తే ఏనుగు ఎక్కడ చచ్చిందో తెలుస్తుంది. 2015లో వచ్చిన ఫలితం అందరినీ ఆశ్చర్యపరిచింది. పెద్ద మొత్తంలో పట్టుబడ్డ సరుకంతా ముఖ్యంగా రెండు చోట్ల నుంచే వస్తోంది. ఒకటి టాంజానియా-మొజాంబిక్ వైపు, రెండోది గాబన్, కాంగో, కామెరూన్ సరిహద్దు అడవి.

తర్వాతది ఇంకా బాగుంటుంది. ఏనుగుకు రెండు దంతాలు కదా. లోడు కట్టేవాళ్లు అజాగ్రత్తగా ఒక దంతం ఈ కంటైనర్‌లో, రెండోది ఇంకో కంటైనర్‌లో వేశారు. రెండూ వేర్వేరు దేశాల్లో పట్టుబడ్డాయి. కాగితాల మీద పేర్లు వేరు. కానీ ఒకే ఏనుగు! అంటే రెండు లోడ్లూ కట్టింది ఒకే చెయ్యి. అలా పోల్చుకుంటూ పోతే మొంబాసా, ఎంటెబ్బే (ఉగాండా), లోమే (టోగో) కేంద్రాలుగా మూడు పెద్ద ముఠాలు తేలాయి. 2022 నాటికి 49 పట్టివేతల్లోని 4,320 దంతాలు చూసి, తల్లీబిడ్డల్ని, తోబుట్టువుల్ని కూడా కలిపారు. ఒక ఏడాది తల్లిని చంపినవాళ్లే కొన్నేళ్లకు మళ్లీ అదే మందకు వచ్చారన్నమాట.

ఇది ఎందుకు ముఖ్యమంటే, ఒక్క లోడుకు ఒక్క కేసు వేస్తే లాయరు దాన్ని తేల్చేస్తాడు. పది లోడ్లు ఒకే మనిషివని చూపిస్తే కేసు బరువే వేరు.

శేషాచలం | 11 ఆగస్టు, ఉదయం 11:00

అమ్మా సుధా, ఇది మా రోజుల్లో ఎర్రచందనానికి ఉండి ఉంటే...

లెక్కలోడు | 11 ఆగస్టు, ఉదయం 11:35

లాయరు మాట వచ్చింది కాబట్టి. కెన్యాలో 2008-13 మధ్య కోర్టు ఫైళ్లు తిరగేస్తే, వన్యప్రాణి కేసుల్లో నేరం రుజువైన వాళ్లలో జైలుకు వెళ్లింది 4 శాతం. మిగతావాళ్లు జరిమానా పారేసి ఇంటికి. దివ్యగారు చెప్పిన 2013 చట్టం ఆ సిగ్గుతో వచ్చిందే. అప్పటి నుంచి స్వచ్ఛంద సంస్థల వాళ్లు కోర్టు హాల్లో కూర్చుని ప్రతి వాయిదా రాసుకుంటున్నారు. సాక్షి రాలేదు, ఫైలు కనబడలేదు, ఇలాంటివి అందరికీ తెలిసేలా.

అయినా... ఫైసల్ మొహమ్మద్ అలీ అని మొంబాసా వ్యాపారి. 2014లో 2 టన్నుల దంతం కేసు, ఇంటర్‌పోల్ గాలించి దారెస్సలాంలో పట్టుకుంది. 2016లో 20 ఏళ్ల శిక్ష. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. 2018లో హైకోర్టు సాక్ష్యాల్లో లోపాలున్నాయని కొట్టేసింది. ఆయన ఇంటికి, పేపరువాళ్లు ఆఫీసుకి.

వేదిక నిర్వాహకుడు | 11 ఆగస్టు, మధ్యాహ్నం 12:10

ఉంగరాలు, దంతం వస్తువులు "ఎక్కడ దొరుకుతాయో" చెబుతూ వచ్చిన మూడు పోస్టులు తీసేశాం. ఇంకోసారి పెడితే ఖాతా ఆపేస్తాం. అసలువో నకిలీవో పోల్చుకోవడం గురించి మాట్లాడుకోవచ్చు, కొనడం గురించి వద్దు. చర్చ బాగుంది, కొనసాగించండి.

గడ్డిపరక | 11 ఆగస్టు, మధ్యాహ్నం 2:45

నేను ఒక మెట్టు దిగుతున్న. రెండు దంతాలు రెండు డబ్బాల్ల దొరికిన సంగతి మంచిగున్నది.

అయితే ఏనుగు గురించే ఇంత లొల్లి ఎందుకు? అలుగు (పాంగోలిన్) సంగతి ఎవరూ ఎత్తరు. మా దిక్కు అడవుల్ల చిన్నప్పుడు చూసిన, భయపడితే బంతి లెక్క చుట్టుకుంటది. ఇప్పుడు కంటికి కనబడ్తలేదు.

సుధ | 11 ఆగస్టు, రాత్రి 8:15

మంచి మాట అన్నారు. ప్రపంచంలో ఎనిమిది రకాల అలుగులుంటే నాలుగు ఆఫ్రికావి, నాలుగు ఆసియావి. ఆసియావి దాదాపు ఊడ్చేశాక చూపు ఆఫ్రికా మీద పడింది. 2016లో ఎనిమిదింటినీ వ్యాపార నిషేధ జాబితాలో పెట్టారు. అయినా 2019 ఏప్రిల్‌లో సింగపూర్‌లో ఒక్క వారం వ్యవధిలో రెండు కంటైనర్లు. ఒక్కోదాంట్లో 12 టన్నులకు పైగా అలుగు పొలుసులు. రెండూ నైజీరియా నుంచి వియత్నాంకు. కాగితం మీద ఒకదానికి "ఫ్రోజెన్ బీఫ్" అని, ఇంకోదానికి కేసియా గింజలు అని రాశారు. కోనసీమ తమ్ముడు చెప్పిందే!

ఆ పొలుసులు, ఖడ్గమృగం కొమ్ము, మన గోళ్లు, వెంట్రుకలు, అన్నీ ఒకటే పదార్థం, కెరాటిన్. మందుగా పనిచేసేదయితే గోళ్లు కొరుక్కునేవాళ్లకు ఏ జబ్బూ రాకూడదు. 2020లో చైనా తమ అధికారిక మందుల పుస్తకం నుంచి అలుగు పొలుసుల్ని తీసేసింది.

లెక్కలోడు | 11 ఆగస్టు, రాత్రి 8:50

ఖడ్గమృగం లెక్క ఒకటి. దక్షిణాఫ్రికాలో 2007లో వేటగాళ్లు చంపినవి 13. 2014లో 1,215. నేను సున్నా ఎక్కువ వేయలేదు. వియత్నాంలో క్యాన్సర్‌కు మందు అనే పుకారు, దానికి తోడు కొత్త డబ్బున్నవాళ్ల దర్పం. 2024లో 420కి తగ్గింది. ఈ మధ్య వచ్చిన ఒక అధ్యయనం గమ్మత్తుగా ఉంది. అక్కడి క్రూగర్ పార్కు చుట్టుపక్కల 11 రిజర్వుల్లో హెలికాప్టర్లు, కెమెరాలు, కుక్కలు, అన్నిటికీ కోట్ల డాలర్లు పెట్టారు. అన్నిటికంటే పనిచేసింది మత్తిచ్చి కొమ్ము కోసేయడం! వేట 78 శాతం తగ్గింది, ఖర్చు మొత్తం బడ్జెట్‌లో 1.2 శాతం. గోరులాంటిదే కాబట్టి మళ్లీ పెరుగుతుంది, మళ్లీ కోయాలి. మొండి కొమ్ము కోసం చంపేవాళ్లూ ఉన్నారు.

బెజవాడ బాబాయ్ | 11 ఆగస్టు, రాత్రి 9:30

ఖడ్గం కోసేస్తే ఇక అది ఉత్త మృగమే కదర్రా.

నేను ఈ మూడు రోజులూ నోరెత్తకుండా చదువుతున్నాను, వేలి ఉంగరం వైపు చూసుకుంటూ. అమ్మా దివ్యా, ఆ రేవుల్లో ఇంకేం మార్గం లేదా? అన్ని పెట్టెలూ తెరవలేరు సరే, వాసన చూసే కుక్కలు ఉండవూ?

దివ్య | 11 ఆగస్టు, రాత్రి 10:05

కుక్కలున్నాయి బాబాయిగారూ, ఎయిర్‌పోర్టుల్లో, రేవుల్లో. కానీ మా దగ్గర ఇంకా పెద్ద మొనగాళ్లున్నారు. మొరొగోరోలో అపోపో అనే సంస్థ ఎలుకలకు శిక్షణ ఇస్తుంది. ఇంతకుముందు మందుపాతరలు, క్షయ జబ్బు పసిగట్టిన జాతే, పిల్లి అంత ఉంటాయి. ఇప్పుడు అలుగు పొలుసులు, దంతం, ఖడ్గమృగం కొమ్ము వాసన పట్టడం నేర్పారు. కాఫీ గింజలతో, సబ్బు పొడితో కలిపి దాచినా పట్టేశాయని నిరుడు పరిశోధన పత్రం వచ్చింది. ఒంటికి చిన్న ఎర్ర చొక్కా, ఛాతీ దగ్గర ఒక బంతి. వాసన తగిలితే దాన్ని లాగుతుంది, బీప్ అని మోగుతుంది. కంటైనర్ తలుపు తెరవకుండా, గాలి వచ్చే సందు దగ్గర పెడితే చాలన్నది వాళ్ల ఆశ.

బెజవాడ బాబాయ్ | 11 ఆగస్టు, రాత్రి 10:12

కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాను. ఎలుకతో ఏనుగు దొంగను పట్టడం ఇప్పుడే వింటున్నా. వినాయకుడి వాహనం, ఏనుగు తలకు కాపలా! వినాయక చవితి ముందు మంచి కబురు చెప్పావు తల్లీ.

ఇంతకీ నా ఉంగరం అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

సుధ | 11 ఆగస్టు, రాత్రి 10:40

చివర కొంచెం కత్తిరించి నిప్పు చూపించండి. వెంట్రుకయితే జుట్టు కాలిన వాసన, నల్లగా పొడి అవుతుంది. ప్లాస్టిక్ అయితే కరిగి ముద్ద కడుతుంది.

కోనసీమ కుర్రోడు | 12 ఆగస్టు, ఉదయం 7:55

మామగారికి ఫోన్ చేశాను. చట్టం చెప్పాను, వినలేదు. చీమల కేసు చెప్పాను, నవ్వారు. చివరికి "మీ అల్లుడు నిశ్చితార్థం రోజున లాకప్‌లో ఉంటే పెళ్లివారు ఏమనుకుంటారు?" అన్నాను. ఒక్క నిమిషం ఫోన్‌లో చప్పుడు లేదు. తర్వాత, "సరే, కెన్యా టీపొడి తీసుకురా" అన్నారు.

టీపొడి అనగానే మా సీనియర్ గుర్తొచ్చి నవ్వాగలేదు. ఎన్ని కిలోలు తీసుకెళ్లవచ్చో ఎవరైనా చెప్పండి.

దివ్య | 12 ఆగస్టు, ఉదయం 8:30

సీలు తీయని ప్యాకెట్లు కొను, బిల్లు దగ్గర పెట్టుకో. నాలుగైదు కిలోలకు నన్నెప్పుడూ ఎవరూ ఏమీ అనలేదు. కెరిచో టీ తీసుకో, బాగుంటుంది.

బెజవాడ బాబాయ్ | 12 ఆగస్టు, రాత్రి 9:15

మనవడు వచ్చాడు. వాడి చేతికే కత్తెర, అగ్గిపెట్టె ఇచ్చాను. బంగారం పక్కకు జరిపి చివర కత్తిరించి వెలిగించాడు.

కరిగింది. ముద్ద కట్టింది. వాసన కాలిన బకెట్టులా ఉంది.

41 ఏళ్లు! ఆ మావటి ఇప్పుడెక్కడున్నాడో గానీ, ఏనుగుకు మాత్రం ద్రోహం చేయలేదు మహానుభావుడు.